చార్మినార్ చౌరస్తా ఎవరి జాగీరు?

2025 మే 13. చార్మినార్ ముందు ఎర్ర తివాచీ పరిచారు. ప్రపంచ సుందరి పోటీలకు వచ్చిన దేశదేశాల అందగత్తెలు దాని మీద నడిచారు. మర్ఫా మోగింది. లాడ్‌బజార్‌లో గాజులు వేయించుకున్నారు. చౌమహల్లాలో విందు ఆరగించారు. ఆ సాయంత్రం ట్రాఫిక్ మళ్లించారు, గల్లీ గల్లీకి పోలీసును నిలబెట్టారు. తెలంగాణ ఇంత అందంగా ఉంటుందని లోకానికి చెప్పామని సర్కారు మురిసిపోయింది.

2025 మే 18. నడుమ అయిదే రోజులు. ఆ తివాచీ పరిచిన చోటికి కూతవేటు దూరంలో, గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంట్లో తెల్లారేసరికి మంటలు లేచాయి. కింద దుకాణం, పైన కాపురం. లోపలికి పోను ఇరుకు దారి, పైకి ఎక్కను ఇరుకు మెట్లు. బయటపడే ఇంకో తొవ్వ లేదు. పొగకు ఊపిరాడక 17 మంది చనిపోయారు. అందులో 8 మంది పిల్లలు. ఆదివారం పొద్దున నిద్రలోంచి లేవని పిల్లలు.

మంత్రులు వచ్చారు. ముఖ్యమంత్రి విచారణకు ఆదేశించారు. ఎక్స్‌గ్రేషియా ప్రకటించారు. షార్ట్ సర్క్యూట్ అని మొదట చెప్పారు. కమిటీ వేశారు. దీన్ని ప్రమాదం అని రాసుకుని ఫైలు మూయడం చాలా సులువు. మేం అడిగేది ఒక్కటే. అయిదు రోజుల ముందు తివాచీ పరచడానికి దొరికిన శ్రద్ధ, అదే గల్లీలో కరెంటు తీగలు చూడడానికి ఎందుకు దొరకలేదు? దుకాణం షట్టర్ ఏ రంగులో ఉండాలో చూసిన కన్ను, ఆ షట్టర్ వెనుక మెట్లు ఎంత వెడల్పున్నాయో ఎందుకు చూడలేదు?

జవాబు కఠినంగా ఉంటుంది. ఈ పాలకులకు, వీళ్లకు ముందటి పాలకులకు, వాళ్లకూ ముందటి వాళ్లకు చార్మినార్ ఒక బొమ్మ. కాగితం మీద అచ్చు వేసుకునే బొమ్మ. బొమ్మకు వెనుక మనుషులుండరు. ఉన్నా కనబడరు.

హౌజ్‌లో నీళ్లు పెట్టిందెందుకు?

1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు. కొత్త పట్నానికి పథకం వేసిన పెద్దమనిషి ఆయన పేష్వా మీర్ మోమిన్ అస్త్రాబాదీ. అప్పటికే 1578లో మూసీ మీద పురానాపూల్ లేచింది. గోల్కొండ కోట జనంతో కిక్కిరిసిపోయింది. కోట దాటి, నది దాటి, గోల్కొండ నుంచి మచిలీపట్నం రేవుకు పోయే బాట మీద కొత్త పట్నం వెలిసింది. నాలుగు దిక్కులకు నాలుగు రోడ్లు. అవి కలిసే చోట దాదాపు 160 అడుగుల ఎత్తున నాలుగు మినార్లు, పై అంతస్తులో మసీదు. దానికి ఉత్తరాన నాలుగు కమాన్లు: మచిలీ కమాన్, కాలీ కమాన్, షేర్-ఎ-బాతిల్ కమాన్, చార్మినార్ కమాన్. ఆ నాలుగింటి నట్టనడుమ నీళ్ల తొట్టి. ఇవాళ గుల్జార్ హౌజ్ అంటున్నాం గాని పాత పేరు చార్ సూ కా హౌజ్. నాలుగు దిక్కుల హౌజ్.

రాచరికాన్ని పొగడటం మా పని కాదు. కమాన్ల మధ్య ఉన్న ఆ జాగాను జిలూఖానా అనేవాళ్లు. అది రాజభవనాల ముందటి కవాతు మైదానం. పడమటి కమాన్ రాజుగారి భవనానికి వాకిలి. రాళ్లు మోసిన కూలీల పేర్లు ఏ శాసనంలోనూ లేవు. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ రాజు మైదానం నడుమ తన విగ్రహం పెట్టించుకోలేదు. నీళ్లు పెట్టించాడు. నాలుగు దిక్కుల నుంచి వచ్చే బాటసారి, బేరగాడు, బండివాడు, వాళ్ల గొడ్డూ గోదా ఆగే చోట నీళ్లు ఉండాలని ఆ పట్నం పథకం గీసినవాళ్లకు తెలుసు. నాలుగు వందల ఏళ్ల కింద తెలిసిన సంగతి అది. నీళ్ల చుట్టూ పుట్టిన కూడలిలో, నీళ్ల పేరు పెట్టుకున్న కూడలిలో, 2025లో 17 ప్రాణాలు మంటల పాలయ్యాయంటే చరిత్రలో మనం ముందుకు పోయామా, వెనక్కి పోయామా?

ఆ కూడలి రాజులతో ఆగిపోలేదు. 1889లో చార్మినార్ నాలుగు ముఖాలకు గడియారాలు బిగించారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి పట్నాన్ని ముంచేసింది. ఆ తర్వాత ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు మదీనా నుంచి గుల్జార్ హౌజ్ దాకా పత్తర్‌గట్టి రాతి దుకాణాల వరుస కట్టింది. నీడలో నడవడానికి కమాన్ల వసారా, కింద వ్యాపారం, పైన నివాసం. ఎండకు, వానకు జనం తడవకుండా, మాడకుండా కట్టిన బజారు అది. ఒక పెద్ద విపత్తు నుంచి పాఠం నేర్చుకుని కట్టిన బజారు. ఇవాళ ఆ పాఠం చెప్పేవాడు లేడు, నేర్చుకునేవాడు అసలే లేడు.

పత్తర్‌గట్టి నెత్తురు యాదిలో ఉందా?

ఉద్యమంలో పెరిగిన మనకు అమరులంటే 1969 గుర్తుకొస్తుంది. గన్‌పార్కు స్తూపం గుర్తుకొస్తుంది. 2009 తర్వాత నిప్పు పెట్టుకున్న, ఉరి పోసుకున్న పిల్లలు గుర్తుకొస్తారు. అంతకన్నా ముందటి లెక్క ఒకటుంది. 1952 సెప్టెంబర్‌లో ముల్కీ ఉద్యమం. స్థానికుల కొలువులు స్థానికులకే కావాలని హైదరాబాద్ రాష్ట్రంలో విద్యార్థులు రోడ్డెక్కారు. సిటీ కాలేజీ, పత్తర్‌గట్టి ప్రాంతాలు అట్టుడికాయి. పోలీసులు కాల్పులు జరిపారు. ప్రాణాలు పోయాయి. ఆ కాల్పుల మీద జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి విచారణ జరిపారు.

అంటే తెలంగాణ కొలువుల కొట్లాటకు తొలి నెత్తురు చార్మినార్ నీడలోనే పారింది. పాతబస్తీ ఉద్యమంలో లేదు, పాతబస్తీకి తెలంగాణ పట్టదు అని మాట్లాడేవాళ్లు ఈ ఒక్క సంగతి చదువుకోవాలి. ‘నౌకరీ మాది’ అనే మాట కాకతీయ యూనివర్సిటీలోనో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీదనో పుట్టక ముందే ఆ రాతి కమాన్ల కింద వినబడింది.

తర్వాత ఏం జరిగిందో మనకు తెలుసు. 1956 నవంబర్ 1న విలీనం. అప్పటి నుంచి హైదరాబాద్‌ను మేమే కట్టాం, మేమే పెంచాం అనే పాట. ఆ పాటకు మనం ఇచ్చిన మొదటి జవాబు చార్మినారే. మీరు రాకముందే మాకు ఈ పట్నం ఉంది, ఉస్మానియా యూనివర్సిటీ ఉంది, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఉన్నాయి అని ప్రతి సభలో చెప్పాం. హైదరాబాద్‌ను కేంద్రపాలిత ప్రాంతం చేస్తామన్నప్పుడు, హైదరాబాద్ లేని తెలంగాణ తలలేని మొండెం అని గొంతు చించుకున్నాం. చార్మినార్ ఉన్న ఫ్లెక్సీ లేని ధూంధాం లేదు.

ఆ చార్మినార్‌ను అడ్డం పెట్టుకుని వాదన గెలిచాం. గెలిచినంక ఆ చార్మినార్ కింద బతికేటోళ్లకు ఏమిచ్చాం?

అందరికీ వేదికే, ఎవరికీ బాధ్యత కాదు

మే 18 అనే తేదీ ఆ చౌరస్తాకు కొత్త కాదు. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో బాంబు పేలింది. పేలుడులో కొందరు, ఆ వెంటనే పోలీసుల కాల్పుల్లో మరికొందరు చనిపోయారు. 2018 ఏప్రిల్ 16న ఎన్‌ఐఏ ప్రత్యేక కోర్టు తన ముందున్న నిందితులందరినీ నిర్దోషులని వదిలేసింది. చచ్చిపోయినవాళ్లు మాత్రం నిజంగానే చచ్చిపోయారు. నమాజుకు పోయిన కొడుకు ఎందుకు తిరిగి రాలేదో ఆ తల్లులకు చెప్పే బాధ్యత ఎవరిది? ఉమ్మడి రాష్ట్రానిదా, కొత్త రాష్ట్రానిదా, ఢిల్లీదా? ముగ్గురూ ఒకరి వైపు ఒకరు చూపించుకున్నారు.

వేదికగా మాత్రం చార్మినార్ అందరికీ కావాలి. 1990 అక్టోబర్ 19న రాజీవ్ గాంధీ ఇక్కడి నుంచే సద్భావన యాత్ర మొదలుపెట్టారు. కాంగ్రెస్ వాళ్లు ఏటేటా ఆ రోజున వచ్చి జెండా ఎగరేసి పోతారు. 2020 నవంబర్‌లో జీహెచ్‌ఎంసీ ఎన్నికల ముందు అమిత్ షా చార్మినార్ పక్కనున్న భాగ్యలక్ష్మి గుడికి వచ్చి పోయారు. 2021 ఆగస్టులో బండి సంజయ్ అక్కడి నుంచే పాదయాత్ర మొదలుపెట్టారు. 2021 అక్టోబర్ నుంచి టీఆర్ఎస్ సర్కారు ‘ఏక్ శామ్ చార్మినార్ కే నామ్’ అని ఆదివారం సాయంత్రాలు పండుగ పెట్టింది. 2024 మేలో రాజముద్రలోంచి కాకతీయ తోరణాన్ని, చార్మినార్‌ను తీసేస్తారన్న వార్త పొక్కగానే కేటీఆర్ చార్మినార్ దగ్గరికి వచ్చి నిరసన తెలిపారు. జూన్ 2న జరగాల్సిన కొత్త ముద్ర ఆవిష్కరణ ఆగిపోయింది. ఇక హైదరాబాద్ లోక్‌సభ స్థానం 1984 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉంది. శ్రీకృష్ణ కమిటీ ముందు సమైక్య రాష్ట్రమే మేలు, కాకుంటే రాయల తెలంగాణ అని చెప్పిన మజ్లిస్, రాష్ట్రం వచ్చినంక ప్రతి సర్కారుతోనూ సర్దుకుపోయింది.

ఒకాయనకు చార్మినార్ మత సామరస్యం. ఇంకొకాయనకు భాగ్యనగరం. మరొకాయనకు బ్రాండ్ హైదరాబాద్. ఇంకొకరికి ఓట్ల ఖిల్లా. ఇన్ని జెండాలు మోసే ఆ చౌరస్తాలో ఒక ఇంటికి రెండో తలుపు పెట్టించిన పార్టీ ఏది? ఒక గల్లీలో వేలాడే తీగలను నేల కిందికి దింపించిన నాయకుడెవరు? చేతులెత్తండి, లెక్క పెడదాం.

రాజముద్ర మీద చార్మినార్ ఉండాలా అంటే, ఉండాల్సిందే. కాకతీయ తోరణం ఎంత మనదో చార్మినార్ అంతే మనది. ముద్ర మీద నుంచి తీసేస్తామంటే ఇంత లొల్లి చేసిన నాయకులు, ముద్ర కింద పిల్లలు పొగకు ఊపిరాడక చచ్చిపోతే ఎన్ని రోజులు లొల్లి చేశారో కూడా లెక్క తీయాలి. కాగితం మీది మినార్‌కు దొరికిన పౌరుషం గల్లీలోని మనిషికి దొరకలేదు.

మన సర్కారు చేసిన పని

ఉమ్మడి పాలకుల సంగతి మనకు తెలుసు. చార్మినార్ పాదచారుల పథకం వాళ్ల హయాంలోనే పుట్టింది. 1990ల నుంచి ఎందరో ముఖ్యమంత్రులను, ఎందరో కమిషనర్లను చూసింది. రోడ్డు మీద గ్రానైట్ రాళ్లు పరచడం దగ్గర మొదలై, ఆ రాళ్లను పీకి మళ్లీ పరచడం దగ్గర నిలబడింది. పాతబస్తీ కోసమని 1981లో కులీ కుతుబ్ షా పట్టణాభివృద్ధి సంస్థ పెట్టారు. పేరు రాజుగారిది, పెత్తనం సెక్రటేరియట్‌ది. వివక్ష అన్నాం, కొట్లాడాం, నిజమే.

2014 జూన్ 2 తర్వాత ఎవరిని తిడదాం? విభజన చట్టం పదేళ్ల ఉమ్మడి రాజధాని అన్నది. ఆ గడువు కూడా 2024 జూన్ 2తో అయిపోయింది. ఇక హైదరాబాద్ నూటికి నూరుపాళ్లు మనది. మంచైనా చెడైనా మన చేతుల్లోదే.

మన చేతులు ఏం చేశాయో చూడండి. నగరంలోని పాత కట్టడాలకు, పాత వాడలకు రక్షణగా 1981 నాటి హుడా జోనింగ్ నిబంధనల్లో 13వ నిబంధన ఉండేది. ఉమ్మడి రాష్ట్రంలో నిపుణులు, చరిత్ర ప్రేమికులు ఏళ్ల తరబడి కొట్లాడి ఆ నిబంధన కింద కట్టడాల జాబితా పెట్టించుకున్నారు. 2015 డిసెంబర్‌లో ఒక్క జీవోతో దాన్ని ఎత్తేశారు. ఎత్తేసింది విజయవాడ సర్కారు కాదు, మన సర్కారు. కొత్త వారసత్వ చట్టం 2017లో గాని రాలేదు. ఆ తర్వాత కూడా బుద్ధి మారలేదు. ఎర్రమంజిల్ కూల్చి అసెంబ్లీ కడతామంటే 2019 సెప్టెంబర్‌లో హైకోర్టు అడ్డుపడితే గాని ఆగలేదు. 2019 మే నెల మొదట్లో చార్మినార్ మినార్ నుంచే సున్నపు నగిషీ పెచ్చు ఊడి పడింది. చార్మినార్‌కు కేంద్ర పురావస్తు శాఖ కాపలా అయినా ఉంది. చుట్టూ ఉన్న బజారుకు, ఇళ్లకు, మనుషులకు ఎవరి కాపలా ఉంది?

మెట్రో సంగతి చూద్దాం. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఫలక్‌నుమా దాకా అని మొదటి దశ పటంలోనే గీత గీశారు. 2017 నవంబర్‌లో మియాపూర్ వాళ్లకు, నాగోల్ వాళ్లకు మెట్రో వచ్చింది. తర్వాత హైటెక్ సిటీ వాళ్లకు వచ్చింది. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా వచ్చి రైలు ఆగింది. మూసీ దాటలేదు. అయిదున్నర కిలోమీటర్లు, అంతే. మిగతా పట్నానికి పదుల కిలోమీటర్లు వేసినవాళ్లకు ఆ అయిదున్నర కిలోమీటర్లే కొండలా కనబడ్డాయి. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి పాతబస్తీ మెట్రోకు శంకుస్థాపన చేశారు. పునాదిరాయి వేయడం ఈ దేశంలో ఏ పాలకుడికీ కష్టం కాదు. రాయి మీద రైలు నడిపించడమే కష్టం.

మూసీ ఒక నది. దాన్ని సరిహద్దుగా మార్చింది పాలకులే. అవతల రాజధాని, ఇవతల బస్తీ. మనం సీమాంధ్ర పాలకులను అడిగిన ప్రశ్న ఏమిటి? మా నీళ్లు, మా నిధులు ఎటు పోయాయని. అదే ప్రశ్నను పాతబస్తీ మనల్ని అడుగుతున్నది. తెలంగాణలో ఇంకో తెలంగాణను పెట్టుకుని మనం పండుగ చేసుకోలేం.

తోపుడు బండికి చట్టం ఉంది, చదివినోడు లేడు

ప్రతి అయిదారు నెలలకోసారి చార్మినార్ చుట్టూ ‘ఆక్రమణల తొలగింపు’ జరుగుతుంది. పెద్దమనిషి ఎవరైనా వస్తున్నాడంటే ముందు రోజు బండ్లు ఎత్తేస్తారు. ఆయన పోయినంక మళ్లీ వస్తాయి. మధ్యలో జరిమానాలు, మామూళ్లు, లాఠీలు. గాజులు, అత్తరు, పండ్లు, బుర్ఖాలు, చెప్పులు, పిల్లల బొమ్మలు అమ్మేవాళ్లు తమ పట్నంలోనే దొంగల్లాగ బతుకుతారు.

ఈ దేశంలో వీధి వ్యాపారుల కోసం 2014లో ఒక చట్టం వచ్చింది. సర్వే చేసి, అమ్మకం సర్టిఫికెట్ ఇచ్చే దాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని ఆ చట్టం చెబుతున్నది. పట్టణ వెండింగ్ కమిటీలు వేయాలని, అందులో వీధి వ్యాపారుల ప్రతినిధులు ఉండాలని చెబుతున్నది. దాని రెండో షెడ్యూల్‌లో ఇంకో మాట ఉంది. యాభై ఏళ్లకు మించి వీధి వ్యాపారం సాగుతున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలి, అక్కడి వ్యాపారులను వేరే చోటికి తరలించకూడదు.

మళ్లీ చదవండి. యాభై ఏళ్లు. చార్మినార్ బజారు వయసు నాలుగు వందల ఏళ్లు దాటింది. ఈ దేశంలో వారసత్వ బజారు అనే మాటకు అర్హత ఉన్న మొదటి చోట్లలో ఇదొకటి కాకుంటే ఇంకేది? కట్టడం మాత్రమే వారసత్వం, కట్టడం కింద అమ్ముకునేవాడు ఆక్రమణదారు అనే బుద్ధి ఎక్కడి నుంచి వచ్చింది? రాయికి వయసుంటే గౌరవం, మనిషి తరతరాలుగా అక్కడే ఉంటే నేరమా?

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. సర్టిఫికెట్ చూపించి ఫొటోలు దిగారు. ఆ గాజు తయారయ్యేది లాడ్‌బజార్ అద్దాల దుకాణాల్లో కాదు. వెనుక గల్లీల్లో, ఇరుకు గదుల్లో, కొలిమి పక్కన కూచుని వేడి లక్కను వేళ్లతో వత్తి, ఒక్కో రాయి అద్దేది పేద మనుషులు. గాజుకు గుర్తింపు ఇచ్చారు. చేతికి ఎప్పుడిస్తారు? ఆ కొలిమి ఉన్న గదికి గాలి వెళ్లే కిటికీ ఉందా, నిప్పు లేస్తే దారి ఉందా అని చూసిన అధికారి ఎవరు?

‘వాళ్లే ఇరుకు చేసుకున్నారు’ అనేవాళ్లకు

అగ్ని ప్రమాదం జరిగిన మర్నాటి నుంచే కొందరు విజ్ఞులు మొదలుపెట్టారు. గల్లీలు వాళ్లే ఇరుకు చేసుకున్నారు, వైర్లు వాళ్లే లాగుకున్నారు, దుకాణాల యజమానులు లాభం చూసుకున్నారు గాని ప్రాణం చూసుకోలేదు అని. ఇందులో కొంత నిజం ఉంది. ముత్యాల బజారులో డబ్బు లేదని మేం అనం. అనుమతి లేని కట్టడాలు లేవని అనం. యజమానుల తప్పుంటే యజమానులనే పట్టుకోండి.

తప్పు పట్టుకోవలసిన శాఖలు ఎక్కడున్నాయో అది కూడా చెప్పండి. కరెంటు మీటర్ బిగించింది ఎవరు? ఆ ఇంటి మీద ట్యాక్స్ వసూలు చేసింది ఎవరు? ట్రేడ్ లైసెన్స్ ఇచ్చింది ఎవరు? మీటర్ రీడింగ్ తీసే మనిషి నెలనెలా లోపలికి పోతాడు. బిల్లు కలెక్టర్‌కు ఆ మెట్లు తెలుసు. వసూలుకు తెలిసిన దారి, రక్షణకు ఎట్లా తెలియకుండా పోయింది?

ఇంకో మాట. బంజారాహిల్స్‌లో అగ్ని ప్రమాదం జరిగితే నిబంధనల ఉల్లంఘన అంటారు. పాతబస్తీలో జరిగితే పాతబస్తీ అంతే అంటారు. ఈ ‘అంతే’ అనే మాట వెనుకే అసలు వివక్ష దాక్కుంది. ఒకప్పుడు తెలంగాణోళ్లు అంతే, సోమరులు, భాష రాదు అని మనల్ని కూడా ఇట్లనే అన్నారు. ఆ మాటకు కడుపు మండే కదా మనం రోడ్డెక్కింది? అదే మాటను ఇవాళ మనం మూసీ అవతలి వాళ్ల మీద వాడుతుంటే ఊరుకుందామా?

ఈ కుర్చీలు మనవే

ఉద్యోగ మిత్రులారా, ఈ మాట మీకే. 2011 సెప్టెంబర్ 13న మొదలైన సకల జనుల సమ్మెలో 42 రోజులు జీతం లేకుండా నిలబడ్డారు. కరెంటు ఉద్యోగులు, మున్సిపల్ ఉద్యోగులు, రెవెన్యూ, ఆర్టీసీ, టీచర్లు అందరూ. మా రాష్ట్రం వస్తే మా ఫైలు మేం చూసుకుంటాం అన్నారు. ఇప్పుడు గుల్జార్ హౌజ్ ఫైలు మీ బల్ల మీదనే ఉంది. ఆ గల్లీ ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతున్న లోడు ఎంతో లెక్క మీ దగ్గరే ఉంది. అప్పుడు పైన వలస పాలకుడు ఉన్నాడన్నారు, ఒప్పుకున్నాం. ఇప్పుడు పైనా మనవాళ్లే, కిందా మనవాళ్లే. ఇక సాకు ఎక్కడిది?

విద్యార్థి మిత్రులారా, మీరు 2011 మార్చి 10న మిలియన్ మార్చ్‌లో, 2012 సెప్టెంబర్ 30న సాగరహారంలో ఊపిరాడనంత పొగలో నిలబడ్డారు. ఆ బాష్పవాయువు పొగ ఎట్లుంటదో మా తరానికి తెలుసు. కళ్లు మండుతయి, ఛాతీ బిగుసుకుపోతది. కానీ మనకు పరుగెత్తడానికి తొవ్వ ఉండె. ఆ ఇంటి పిల్లలకు తొవ్వ లేదు. ఇప్పుడు చదువుకుంటున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, లా కాలేజీల నుంచి ఆ గల్లీలకు పోవాలి. ఏ ఇంటికి ఎన్ని తలుపులున్నాయో, ఏ మెట్లు ఎంత వెడల్పున్నాయో రాసుకుని రావాలి. సర్కారు సర్వే చేయకుంటే మనమే చేద్దాం. ఉద్యమం నేర్పింది నినాదం ఒక్కటే కాదు, లెక్కలు తీయడం కూడా. నీళ్ల లెక్క, నిధుల లెక్క, నియామకాల లెక్క తీసి కదా మనం వాదన గెలిచాం.

అడగవలసినవి పెద్ద కోరికలేం కావు.

ఒకటి, గుల్జార్ హౌజ్ ప్రమాదం మీద వేసిన కమిటీ నివేదికను అదే చౌరస్తాలో, జనం ముందు, ఉర్దూలోనూ తెలుగులోనూ చదివి వినిపించాలి. తప్పు ఎవరిదైనా పేరు చెప్పాలి.

రెండు, చార్మినార్ నుంచి మదీనా దాకా, అటూ ఇటూ ఉన్న గల్లీల్లో ఇల్లిల్లూ తిరిగి కరెంటు తీగలు, మెట్లు, తలుపులు పరీక్షించాలి. దొరికిన లోపాన్ని సాకుగా చూపి ఖాళీ చేయించకూడదు. మరమ్మతుకు సర్కారు సొమ్ము పెట్టాలి. ఇరుకు గల్లీలో దూరే చిన్న ఫైరింజన్లు అక్కడే ఉంచాలి. హౌజ్ చుట్టూ మంటలార్పే నీళ్ల కుళాయిలు బిగించాలి. నీళ్ల కోసం కట్టిన కూడలికి నీళ్లు తిరిగి రావాలి.

మూడు, 2014 చట్టం ప్రకారం చార్మినార్ బజారును వారసత్వ బజారుగా ప్రకటించాలి. బండి పెట్టుకున్న ప్రతి మనిషికీ సర్టిఫికెట్ ఇవ్వాలి. అతిథులు వచ్చినప్పుడల్లా బండ్లు ఎత్తేసే అలవాటు మానాలి.

నాలుగు, పాతబస్తీ మెట్రో పనికి తేదీలు ప్రకటించి, ఆ తేదీలకు కట్టుబడాలి. భూమి పోయేవాళ్లకు పైసలు ముందు, కూల్చివేత తర్వాత.

అయిదు, వారసత్వం పేరు మీద ఖర్చు పెట్టే ప్రతి రూపాయి లెక్కా ఆ వాడ జనానికి తెలియాలి. రంగు దీపాలకు ఎంత, డ్రైనేజీకి ఎంత అని గోడ మీద రాయాలి.

ఈ అయిదూ చేయడానికి కొత్త చట్టం అక్కరలేదు, ఢిల్లీ అనుమతి అక్కరలేదు. మనసుంటే చాలు. మనసు లేకుంటే జనం దాన్ని తెప్పించగలరు. ఆ పని ఈ గడ్డ మీద ఇంతకు ముందు జరిగింది, చూసినవాళ్లం మనమే.

చార్మినార్ ఏ పార్టీ జాగీరూ కాదు. ఏ మతం జాగీరూ కాదు. పర్యాటక శాఖ జాగీరు అసలే కాదు. అది దాని కింద పొద్దున్నే షట్టర్ ఎత్తే మనిషిది, బండి తోసుకుంటూ వచ్చే మనిషిది, పై అంతస్తులో పిల్లలను నిద్ర పుచ్చే తల్లిది. వాళ్లు బతికి ఉంటేనే ఆ నాలుగు మినార్లకు అర్థం. ఈసారి తివాచీ పరచడానికి వచ్చే మంత్రిని ఆ చౌరస్తాలోనే నిలబెట్టి అడుగుదాం. సారూ, ముందు పైకి పోయి ఆ మెట్లు చూసి రాండ్రి అని.

జై తెలంగాణ.